చీకట్లో మంచె దాకా: పల్లి చేను కావలికి నడిచి వెళ్లేవాళ్ల కోసం

యాసంగి పల్లికి ఊడలు దిగి కాయ గట్టిపడుతోందంటే మా వైపు ఊళ్లలో సగం మంది మగవాళ్లు ఇంట్లో పడుకోరు. అచ్చంపేట, బల్మూరు, లింగాల వైపైనా, అటు నల్లగొండ జిల్లాలో దేవరకొండ, చందంపేట గుట్టల కిందైనా ఇదే సంగతి. అడవి పందుల గుంపు ఒక్క రాత్రి దిగితే చాలు, పొద్దున చూస్తే నాగలితో దున్నినట్టు ఉంటుంది చేను. అందుకే రాత్రి బువ్వ తిని, గొంగడి భుజాన వేసుకుని, కర్ర, బ్యాటరీ లైటు పట్టుకుని మంచె కాడికి బయల్దేరడం. వానాకాలంలో మక్క కంకి పాలు పోసుకునే రోజుల్లోనూ అంతే.

మంచె ఎక్కాక పెద్ద భయం లేదు. ఇంటికీ మంచెకూ నడుమ ఉన్న ఆ కిలోమీటరో, రెండు కిలోమీటర్లో, అక్కడే ఉంది కష్టం. దాని గురించి ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. మా పెద్దనాయన వెనక నడిచి కొంత, తప్పులు చేసి కొంత నేర్చుకున్నాను నేను. ఈ ఏడు మొదటిసారి కావలికి వెళ్లే పిల్లలు, పట్నంలో ఉద్యోగం మానేసి మళ్లీ చెలక వైపు వచ్చినవాళ్లు చదువుతారని రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. ఇది వేటకు దారి చూపించడం కాదు. అనుమతి లేకుండా అడవి పందిని చంపడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. అదొక్కటే కాదు, నడకలోనే వేటగాడికీ కావలివాడికీ తేడా ఉంది. వేటగాడు ఆకు కదలకుండా, దీపం ఆర్పి పోతాడు. మనం దగ్గుతూ, మాట్లాడుతూ, లైటు వేసుకుని పోవాలి. మనం వస్తున్న సంగతి పందికీ, ఎలుగుకూ, పక్క చేనాయనకూ మనకంటే ముందే చేరాలి.

దారిని పగలే నడిచి రండి

కావలి మొదలుపెట్టే ముందు రోజు, సాయంత్రం నాలుగు గంటలప్పుడు, ఇంటి నుంచి మంచె దాకా ఒకసారి నడవండి. మీ చేనే, మీ దారే, చిన్నప్పటి నుంచి తెలిసిందే. అయినా నడవండి. పోయిన వారం లేని గుంత ఈ వారం ఉంటుంది. ఎవరో పైపులైను కోసమని జేసీబీతో కాలువ తీసి పూడ్చకుండా వదిలేస్తారు. ఇంకెవరో గెట్టు మీద ముళ్లకంప వేసి ఉంటారు.

దగ్గరి దారి, మంచి దారి రెండూ ఉంటే మంచి దారే ఎంచుకోండి. బండ్ల బాట పావుగంట చుట్టు అయినా సరే. గెట్ల మీద ఎలుక బొరియలు ఉంటాయి, ఎలుకలు ఉన్నచోటికి పాము వస్తుంది. పైగా గెట్టు ఇరుకు, పక్కకు తప్పుకోవాలంటే బురదలోకో మడిలోకో దిగాలి.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది బావులు. మన దగ్గర పాత వ్యవసాయ బావులకు ఒడ్డున గోడ ఉండదు, నేలకు సమానంగా నోరు తెరుచుకుని ఉంటాయి. బోర్లు వచ్చాక వాటిని పట్టించుకున్నవాళ్లు లేరు. అంచుల్లో సర్కారు తుమ్మ పెరిగి కొమ్మలు బావి మీదికే వాలి ఉంటాయి. దారికి ఇరవై అడుగుల్లోపు అలాంటి బావి ఉంటే వేరే దారి చూసుకోండి. వేరే దారి లేదంటే బావి వైపు రెండు గట్టి గూటాలు పాతి, వాటి మధ్య తెల్ల యూరియా సంచులు కట్టండి. లైటు పడగానే తెల్లగా మెరుస్తాయి.

నాకు ఇది ఊరికే తెలియలేదు. ఒకసారి సగం దారిలో బ్యాటరీ మొండికేసింది. తెలిసిన దారే కదా అని ముందుకే నడిచాను. పెద్ద తుమ్మచెట్టు దగ్గర ఎడమకు తిరగాలి, అదే నా గుర్తు. ఆ చెట్టును ఆ రోజు మధ్యాహ్నమే బొగ్గులకని కొట్టేశారని నాకు తెలియదు. చెట్టు ఇంకా రాలేదేమిటా అనుకుంటూ నడుస్తున్నాను. ముఖానికి చల్లగా తేమ గాలి తగిలింది, నిలవ నీళ్ల వాసనతో. ఆగాను. కాలి కింద నుంచి ఒక రాయి జారింది. ఊపిరి బిగబట్టి ఒకటి లెక్కపెట్టేలోపు కింద బుడుంగుమంది. ఆ వెంటనే బావి లోపలి బొరియల్లోంచి పావురాలు టపటపా లేచి నా ముఖం ముందు నుంచే పోయాయి. అక్కడే కూలబడ్డాను. లేచి నిలబడే ధైర్యం లేక కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే వెనక్కి జరిగాను, గెట్టు చేతికి తగిలేదాకా.

అప్పటి నుంచి చెట్టును గుర్తుగా పెట్టుకోను. కరెంటు స్తంభమో, చెక్‌డ్యామో, పెద్ద రాతిగుండో పెట్టుకుంటాను. చెట్టును ఎవడైనా కొడతాడు, గుండును ఎవరూ ఎత్తుకుపోరు (క్వారీ వాళ్లు తప్ప). ఒక గుర్తుకూ ఇంకో గుర్తుకూ మధ్య ఎన్ని అడుగులో పగలే లెక్కపెట్టుకోండి. నూట ఇరవై అడుగులకు స్తంభం రావాలి, నూట యాభై దాటినా రాలేదంటే దారి తప్పారన్నమాట. అక్కడే ఆగి, వచ్చిన దారినే వెనక్కి రావాలి. అడ్డంగా పడి కలుపుకుందామని చూడకండి.

తిథి చూసుకుని బయల్దేరండి

అసలైతే చీకటి పడకముందే మంచె ఎక్కేయడం మంచిది. సద్ది కట్టుకుని ఐదున్నరకే వెళ్లిపోగలిగితే ఇదంతా చదవాల్సిన పని లేదు. కానీ బర్రెల పాలు పితికి, కేంద్రంలో పోసి, పిల్లలతో ఇంత తిని లేచేసరికి తొమ్మిది అవుతుంది, అది మనందరికీ తెలిసిందే.

కాబట్టి గోడ మీది క్యాలెండరు చూడండి. పున్నమి నాడు పొద్దుగూకే వేళకే చంద్రుడు పొడుస్తాడు, తెల్లారేదాకా ఉంటాడు. తర్వాత రోజుకు సుమారు యాభై నిమిషాల చొప్పున ఆలస్యం అవుతాడు. సంకటహర చవితి ఉపవాసం ఉన్నవాళ్లు చంద్రుడి కోసం తొమ్మిదింటి దాకా ఎదురుచూసేది అందుకే. బహుళ అష్టమికి అర్ధరాత్రి గాని రాడు. శుద్ధ అష్టమికి ఇది తిరగబడుతుంది. పొద్దుగూకేసరికి నడినెత్తిన ఉండి, అర్ధరాత్రికి దిగిపోతాడు. శుద్ధ పక్షంలో పంచమి దాటాక తొమ్మిదింటికి బయల్దేరినా దారంతా కొద్దో గొప్పో వెలుగు దొరుకుతుంది. బహుళ పక్షంలో చవితి దాటాక అదే తొమ్మిదింటికి కటిక చీకటి. అమావాస్యకు ముందు మూడు, వెనక మూడు రాత్రులు ఒంటరిగా వెళ్లకండి. మొగులు (మబ్బు) పట్టిన రాత్రులు కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

వెన్నెలను కూడా మరీ నమ్మవద్దు. వెన్నెల్లో చెట్టు నీడ గుంతలా కనిపిస్తుంది, నిజం గుంత నీడలా కనిపిస్తుంది. నల్లగా ఉన్న ప్రతిదాని మీదా లైటు వేసి చూశాకే కాలు పెట్టాలి.

ఇంట్లో ట్యూబులైటు కింద నుంచి నేరుగా చీకట్లోకి నడవకండి. కళ్లు చీకటికి బాగా అలవాటు పడాలంటే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. అంతసేపు ఎవరూ ఆగరు గాని, వాకిట్లో వేపచెట్టు కింద ఓ పది నిమిషాలు కూర్చుని, బూట్లు అక్కడే తొడుక్కుని లేవండి. దారిలో ఫోన్ తెరిచి రీల్ చూశారంటే ఆ అలవాటంతా పోయి మళ్లీ మొదటికే వస్తుంది.

ఒంటి మీద, చేతిలో

కాళ్లకు మోకాలి కింద దాకా వచ్చే రబ్బరు బూట్లు. నాట్లప్పుడు, మందు కొట్టేటప్పుడు వేసుకునేవే చాలు. మన దగ్గర పాముకాట్లలో ఎక్కువ భాగం పాదం మీద, చీలమండ దగ్గర పడేవే. చెప్పులతో రాత్రి చేనుకు పోవడమంటే కాలును వాటికి అప్పగించినట్టే. బూటు తొడిగే ముందు తలకిందులు చేసి నేలకేసి రెండుసార్లు కొట్టండి. తేళ్లు బూటు లోపలి చీకట్లో దాక్కుంటాయి.

లైట్లు రెండు ఉండాలి. ఒకటి చేతిలో, ఒకటి జేబులో. ఫోన్ లైటును మూడోదిగా కూడా లెక్కపెట్టకండి, ఫోన్‌లో చార్జింగ్ ఫోన్ చేయడానికి ఉండాలి. తలకు కట్టుకునే లైటు ఇప్పుడు అందరూ కొంటున్నారు. నాకది నచ్చదు. కంటి ఎత్తు నుంచి పడే వెలుగులో నీడలు కనిపించవు, నేలంతా చదునుగా ఉన్నట్టు అనిపిస్తుంది. పైగా పురుగులన్నీ ముఖం మీదికే. బ్యాటరీని చేతిలో మోకాలి ఎత్తున పట్టుకుని ముందుకు వేసి చూడండి. గులకరాయికి కూడా జానెడు నీడ పడుతుంది. చుట్ట చుట్టుకుని పడుకున్న పింజర పాము రంగు ఎండుటాకుల్లో కలిసిపోతుంది గాని, దాని నీడ కలవదు.

కర్ర ఛాతీ ఎత్తు ఉండాలి. వెదురైతే తేలిక. గొంగడి ఎలాగూ ఉంటుంది. జనవరి మంచులో కురుమలు నేసిన గొంగడిని మించింది లేదు, పైన ఎంత తడిసినా లోపలికి దిగదు. కానీ చీకట్లో నల్ల గొంగడి ముసుగేసుకుని వంగి నడిచే మనిషి దూరం నుంచి అచ్చం పందిలాగే ఉంటాడు. నాటు తుపాకీతో తిరిగేవాళ్లు అక్కడక్కడ ఇంకా ఉన్నారు. గొంగడిని మడిచి భుజాన వేసుకుని, పైన తెల్ల తువ్వాల కప్పుకోండి. మంచె ఎక్కాక ముసుగేసుకోవచ్చు.

కల్లు తాగి బయల్దేరకండి. పొద్దున వచ్చాక తాగండి, ఎవరు వద్దన్నారు.

కుక్కను తీసుకుపోవాలా అని చాలామంది అడుగుతారు. మంచె దగ్గరే కట్టేసి ఉండే కుక్క మంచిదే. దారిలో వెంట వచ్చే కుక్క మాత్రం ఎలుగునో చిరుతనో మొరిగి రెచ్చగొట్టి, అది వెంటపడగానే మీ కాళ్ల నడుమకే ఉరికి వస్తుంది.

ఇంట్లో మనిషికి రెండు ముక్కలు చెప్పి వెళ్లండి. ఏ దారిన పోతున్నారు, ఎన్నింటికి మిస్డ్ కాల్ ఇస్తారు. ఆ టైముకు అరగంట దాటినా కాల్ రాకపోతే ఎవరిని లేపాలో కూడా ముందే అనుకోండి. మా ఇంట్లో ఆ పని మా అమ్మది. పావుగంటకే ఊరంతా లేపుతుంది, అది వేరే సంగతి.

అడుగు వేసే తీరు

వెలుగు మొదట పది అడుగుల దూరం వేయండి, అక్కడి నుంచి నెమ్మదిగా మీ కాలి దాకా లాక్కురండి. చూసినంత మేర నడవండి. మళ్లీ వేయండి. మొదట్లో విసుగొస్తుంది గాని రెండు రాత్రుల్లో చెయ్యి దానంతట అదే ఆడుతుంది. కర్రతో నేలను తడుతూ నడవండి. అయితే కర్ర చప్పుడుకు పాములన్నీ పక్కకు పోతాయని అనుకోవద్దు. నేల అదురుకు నాగుపాము చాలావరకు తప్పుకుంటుంది. రక్తపింజర కదలదు, ఉన్నచోటే చుట్టుకుని ఉంటుంది. మరీ దగ్గరికి పోతే కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుస కొడుతుంది. చిన్న పింజర ఒళ్లును ఒంటికే రాసుకుని రంపం గీసినట్టు గరగరమంటుంది. కట్లపాముకు రాత్రే తిరుగుడు, అది ఏ చప్పుడూ చేయదు. కాబట్టి చెవి మీద సగం, కంటి మీద సగం ఆధారపడాలి.

బుస వినిపిస్తే ఎగరవద్దు. ఆగిపోండి, ఎక్కడుందో లైటుతో వెతకండి, కనిపించాక వెనక్కి రెండడుగులు వేసి దూరంగా చుట్టి పోండి. దాన్ని కొట్టబోయి కాటు తిన్నవాళ్లు ఎక్కువ.

అడ్డంగా మొద్దు పడి ఉంటే దాటేయకండి. ముందు దాని మీద కాలు పెట్టి, అవతలి వైపు లైటు వేసి చూసి, అప్పుడు దిగండి. రాళ్ల కుప్పలు, ఎండిన పల్లి కట్టె కుప్పలు, వరిగడ్డి వాములు చేతికి తగిలేంత దగ్గరగా పోవద్దు. ఒర్రె (చిన్న వాగు) దాటేచోట ఇసుక తెల్లగా కనిపిస్తే సరే, నీళ్లు పారుతూ కర్ర మోకాలి దాకా దిగితే ఆ రాత్రికి వెనక్కి రండి. చేను ఒక రాత్రి పోతుంది.

ఓ యాభై అడుగులకొకసారి ఆగండి. నడిచేటప్పుడు మన బూట్ల చప్పుడు తప్ప ఇంకేదీ వినిపించదు. ఆగితే అప్పుడు తెలుస్తుంది, కప్పలు అరుస్తున్నవి ఉన్నట్టుండి ఎటువైపు మానేశాయో, చేనులో ఎక్కడ పటపటమంటోందో. తర్వాత గట్టిగా దగ్గి ముందుకు పోండి. ఇద్దరుంటే నాలుగడుగుల ఎడంగా నడవండి, ఏదో ఒకటి మాట్లాడుకుంటూ. ఒంటరైతే ఫోన్‌లో పాట పెట్టి జేబులో వేసుకోండి. పాడటం వస్తే ఇంకా మంచిది.

తీగ

పాములకన్నా, చిరుతలకన్నా నేను ఎక్కువ భయపడేది దీనికే. పందుల కోసమని చేను చుట్టూ సన్నటి తీగ గుంజి, మోటారు స్టార్టర్ డబ్బాలోంచో, పైన పోయే లైను మీద కొక్కెం వేసో కరెంటు ఇస్తారు. మునుపు త్రీఫేజ్ కొన్ని గంటలే ఉండేది, మిగతా వేళల్లో అలాంటి తీగ చచ్చినట్టు పడి ఉండేది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలయ్యాక ఆ లెక్క పోయింది. తీగ కనిపించిందంటే అందులో కరెంటు ఉందనే అనుకోవాలి, ఏ వేళైనా సరే.

పంది ముట్టెకు తగలాలని తీగను జానెడు, రెండు జానల ఎత్తులో కడతారు. మన పిక్క సరిగ్గా అదే ఎత్తు. దూరం నుంచి లైటు వేస్తే తీగ కనిపించదు. కనిపించేది గూటాలు. చేను అంచున కొత్తగా కొట్టిన చిన్న చిన్న గూటాలు వరసగా ఉండి, వాటి తలలకు సైకిల్ ట్యూబు ముక్కో, ప్లాస్టిక్ పైపు ముక్కో, సీసా మెడో తొడిగి ఉంటే అక్కడ తీగ ఉన్నట్టే. అప్పుడు వంగి, బ్యాటరీని పిక్క ఎత్తుకు దించి, నేలకు సమానంగా పక్కకు వేయండి. దారంలా ఒక మెరుపు మెరుస్తుంది. మంచు పడిన రాత్రి గడ్డి తగిలినచోట చిటపటమంటుంది కూడా.

కనిపిస్తే దాటకండి. కర్రతో పక్కకు జరపకండి, ఎండు కర్ర అయినా సరే, మంచుకు అది ఎండుగా ఉండదు. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వెళ్లండి. తెగి నేల మీద పడిన తీగ అయితే ఇంకా జాగ్రత్త. చుట్టూ నేలలోనే కరెంటు ఉంటుంది, రెండు కాళ్లు ఎడంగా ఉంటే ఒక కాలి నుంచి ఇంకో కాలికి ఒంట్లోంచి పోతుంది. రెండు పాదాలు ఒకదానికొకటి ఆనించి, నేల మీంచి ఎత్తకుండా జరుపుకుంటూ కనీసం పది మీటర్ల అవతలికి వచ్చేయండి. తర్వాత లైన్‌మన్‌కు, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయండి. మీ ఊరి లైన్‌మన్ నంబరు ఫోన్‌లో ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి.

తోటివాడికి షాక్ కొట్టి తీగకు అతుక్కుపోతే పరిగెత్తి పట్టుకోవద్దు. ఒకరి కోసం పోయి ఇద్దరు ముగ్గురు పోయిన ఇళ్లు మన జిల్లాల్లో ఉన్నాయి. ఆ కరెంటు ఏ స్టార్టర్ నుంచి వస్తోందో తెలిస్తే పోయి ఆపండి. కొక్కెం లైను మీద ఉంటే మీరు ముట్టుకోవద్దు, సరఫరా ఆపించాలి. కరెంటు పోయిందని తేలాక మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి చూడండి. ఊపిరి లేకపోతే ఛాతీ నడుమ రెండు అరచేతులతో గట్టిగా, నిమిషానికి 100 నుంచి 120 సార్ల చొప్పున నొక్కుతూనే ఉండాలి, 108 వచ్చేదాకా.

పగలు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది, అది కాస్త మొహమాటం పని. చుట్టుపక్కల చేన్లవాళ్లను అడగాలి. మా పక్క చేనాయన నాకు వరసకు బావ అవుతాడు. ఒకరోజు సాయంత్రం గూటాలు కనిపించాయి.

"ఏంది బావా, తీగ గుంజినవా?"

"పందులకేరా. రాత్రి పదింటికి పెడ్త, కోడి కూసేసరికి తీసేస్త."

"నేను పదకొండింటికి గీ గెట్టు మీదికెల్లే వస్త గద బావా."

ఆయన బీడీ ముట్టించుకున్నాడు. ఏమీ అనలేదు. మర్నాటికి తీగ లేదు, గూటాలు మాత్రం ఉన్నాయి. ఆ వారంలోనే మా ఇంటికి వచ్చి అమ్మను పాత చీరలు అడిగి తీసుకుపోయాడు, ఆ గూటాలకే కట్టాడు. పల్లి చుట్టూ నాలుగు వరసలు కుసుమ, మక్క చుట్టూ ఆముదం వేయమని వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు చెప్పేది కూడా ఆయనకు చెప్పాను. చేయడానికి ఒప్పుకున్నాడు గాని ఇంకా చేయలేదు. సోలార్ కంచె వేరు. అందులో కరెంటు దెబ్బ క్షణకాలమే ఉంటుంది, బెదిరిస్తుంది గాని పట్టుకుని వదలకుండా ఉండదు.

తీగ తర్వాత ఉచ్చులు. బండి క్లచ్చు వైరుతో ముడి వేసి కంచె సందుల్లో, పందుల జాడల్లో పెడతారు. 2020లో మర్రిగూడ మండలంలో పందుల కోసం పెట్టిన ఉచ్చులో చిరుత చిక్కి, జూకు తరలించేలోపే చచ్చిపోయింది. కంచెలో సందు ఉంది కదా అని అందులోంచి దూరకండి, గేటు దగ్గరికే పోండి. దారి మీద ఉండలా చుట్టిన ముద్దో, కొవ్వు పూసిన గుడ్డ పొట్లమో కనిపిస్తే కాలితో తన్నకండి. పంది కొరికితే పేలేలా పెట్టే నాటు బాంబు అయి ఉండవచ్చు. ఆ చోటు గుర్తు పెట్టుకుని పోలీసులకో ఫారెస్టు వాళ్లకో చెప్పండి.

ఎదురుపడితే

పందికి చూపు తక్కువ, ముక్కు పదును. గాలి మన వెనక నుంచి పోతుంటే మన వాసన దానికి ముందే అందుతుంది, దారి ఇస్తుంది. గాలి ఎదురుగా ఉన్న రాత్రి మరింత గట్టిగా మాట్లాడుతూ పోవాలి. పిల్లలతో ఉన్న తల్లిపంది, గాయపడిన మగపంది మాత్రం దారి ఇవ్వకపోవచ్చు. అది ఎటు పోవాలనుకుంటుందో అటు వదిలేయండి. దానికీ పిల్లలకూ మధ్య, దానికీ తుప్పకూ మధ్య నిలబడవద్దు. మీదికి వస్తే చెట్టో గుండో ఎక్కాలి, కింద పడితే కోరలు తొడల్ని చీరేస్తాయి.

ఎలుగుకు చూపూ వినికిడీ రెండూ అంతంత మాత్రం. చీమల పుట్ట తవ్వుతూ తల లోపల పెట్టిందంటే మీరు పక్కకు వచ్చేదాకా దానికి తెలియదు. తెలిశాక ఉలిక్కిపడి మీద పడుతుంది. సీతాఫలాలు పండే రోజుల్లో గుట్టల అంచున, ఇప్పపూలు రాలే రోజుల్లో ఇప్పచెట్ల కింద నుంచి రాత్రి పోకపోవడమే నయం. పరిగెత్తి దాన్ని దాటలేరు. మాట్లాడుతూ, ముఖం దానివైపే ఉంచి వెనక్కి నడవండి. కింద పడేస్తే బోర్లా పడుకుని రెండు చేతులతో మెడ వెనక, తల కప్పుకోవాలి, ఎందుకంటే అది ముఖం మీదికే వస్తుంది.

చిరుత మనల్ని చూసినన్నిసార్లు మనం దాన్ని చూడం. లైటుకు కళ్లు మెరిశాయంటే ఆగండి, వంగవద్దు, కూర్చోవద్దు, వీపు తిప్పవద్దు. గొంగడి రెండు చేతులతో పైకెత్తి పెద్దగా కనిపిస్తూ గట్టిగా అదిలించండి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపలి దారుల సంగతి వేరు. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర శ్రీశైలం రోడ్డునే రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. బండ్లనే వదలని అడవిలో కాలినడకన పోయే పని పెట్టుకోకండి.

కాటు పడితే

పాము పోయిన వైపు పరిగెత్తకండి, ఏ పామో తేల్చుకోవాల్సిన పని లేదు. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇచ్చే మందు నాగు, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ కలిపి పనిచేసేదే. కూర్చోండి. కరిచిన కాలును కదపవద్దు, కర్ర ఆనించి తువ్వాలతో వదులుగా కట్టండి. తాడుతో బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం ఏవీ చేయవద్దు. బిగించి కట్టిన కాలు రక్తం ఆడక కుళ్లి, పాము విషం నుంచి బతికినవాళ్లు కూడా కాలు పోగొట్టుకున్నారు. బూటు, కాలి కడియం వాపు రాకముందే తీసేయాలి. 108కు ఫోన్ చేసి రోడ్డు మీద ఏ బస్టాపో, ఏ గుడో గుర్తు చెప్పండి, ఊళ్లోంచి ఒకరిని అక్కడ లైటుతో నిలబెట్టండి. చేను దారి చెబితే డ్రైవరుకు అర్థం కాదు. వీలైతే ఇద్దరు మోసుకుని రోడ్డు దాకా తేవాలి. నడిపించుకుంటూ రావద్దు.

మంత్రం వేసేవాడి దగ్గరికి ముందు, ఆసుపత్రికి తర్వాత అనేవాళ్లు ఇంట్లోనే ఉంటారు. వాళ్లతో వాదన ఇప్పుడే, ఏ కాటూ పడని రోజే పెట్టుకోండి. మీ పీహెచ్‌సీలో పాము మందు ఉంటుందా, రాత్రి డ్యూటీలో డాక్టరు ఉంటారా అని కూడా పగలే కనుక్కోండి. లేదంటే నేరుగా నాగర్‌కర్నూల్, వనపర్తి, మహబూబ్‌నగర్, నల్లగొండ, ఏది దగ్గరైతే ఆ పెద్దాసుపత్రికే.

కట్లపాము కాటు చీమ కుట్టినట్టు కూడా ఉండకపోవచ్చు, గుర్తు కూడా కనిపించదు. పొద్దున లేచాక కడుపులో నొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మింగడం కష్టమవడం ఉంటే రాత్రి చలికి అలా అయిందని అనుకోవద్దు, ఆసుపత్రికి పోవాలి. అందుకే ఎంత అలసిపోయినా దారిలో నేల మీద ఒళ్లు వాల్చకండి.

మంచె కింద

చేరాం కదా అని నేరుగా నిచ్చెన మీద కాలు పెట్టవద్దు. పల్లికాయల కోసం ఎలుకలు, ఎలుకల కోసం పాములు మంచె కిందికే వస్తాయి. ముందు చుట్టూ లైటు వేయండి. తర్వాత నిచ్చెన మెట్లను కర్రతో ఒక్కొక్కటే తట్టండి. పైన నిన్న పరిచిన గడ్డిని కర్రతోనే అటూ ఇటూ తిరగేయండి. పగలు అక్కడే వదిలేసిన పాత దుప్పటి ఉంటే కర్రతో ఎత్తి కిందకు దులపండి. నేనొకసారి దులిపితే మండ్రగబ్బ పడింది, అరచేయంత. బూట్లు కింద విప్పకండి, పైకి తీసుకుపోయి తలవైపు నిలబెట్టుకోండి.

తెల్లవారుజామున దిగేటప్పుడు నిద్రమత్తు ఉంటుంది, వెలుగు వచ్చినట్టే ఉంటుంది, అయినా బ్యాటరీ వేసుకునే దిగండి. మంచు పడిన గెట్టు జారుతుంది.

ఇంటికి మిస్డ్ కాల్ ఇవ్వండి. పందులను బెదరగొట్టే డబ్బా ఒకసారి గట్టిగా కొట్టి, పక్క చేను మంచె వైపు తిరిగి "ఓ బావా" అని కేకేయండి. అటు నుంచి "ఓ" అని వచ్చిందంటే ఇక బ్యాటరీ ఆర్పేయవచ్చు.